ఉదయపు ఫలహారము

ఫలహారశాలకు పోయినవారు ముందు చూచునది బల్లలు, పాత్రలు. బెంగుళూరు లాల్‌బాగు చెంత 1924లో వెలసిన మావళ్ళి టిఫిన్ రూమ్స్‌కు ఉదయమే పోయినపుడు మేమును వెండి లోటాలోని కాఫీకే ముచ్చటపడితిమి. అయితే ఒకప్పుడు అచ్చట అతిథులను వంటశాల గుండనే లోనికి పంపెడివారు. శుచిని కన్నులార చూచి తినవలెనని వారి నియమము. రెండవ ప్రపంచయుద్ధ కాలమున బర్మా బియ్యము రాక కరవైనపుడు, బొంబాయి రవ్వతో ఇడ్లీ వండుట తామే నేర్చితిమని శాలవారు చెప్పుదురు. 1975 నాటి అత్యవసర పరిస్థితిలో ప్రభుత్వము ఫలహారముల ధరలు తగ్గింపగా, వారు సరుకు నాణ్యము తగ్గింపలేదు. దినదినము వచ్చు నష్టమును బయట పలకపై వ్రాసి, తుదకు శాలనే మూసిరి. కొన్నేండ్లకు మరల తెరచిరి. శ్రోతలారా! పట్టణమున ఫలహారమునకు పోయినపుడు బల్లగుడ్డ తెల్లదనముతోనే తృప్తిపడక, వంటయింటి వంక కూడ ఒకమారు చూడుడు. మర్యాద అచ్చటనే మొదలగును.