చిల్లర్ ఎందుకు ఆగింది?

(వృత్తివిద్య చదివే పిల్లల కోసం మన సంఘం జరిపిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము బడిపంతులం. గేజులు, స్పానర్లు పట్టి బతికినవాళ్లం కాదు. అయితే మా దగ్గర పదో తరగతి చదివిన పిల్లలు కొందరు ఏసీ పనిలోకి పోయినారు. సెలవుల్లో వచ్చినప్పుడు వాళ్లు చెప్పేది విన్నాం. వాళ్ల వెంట మిద్దెలెక్కి చూసినాం. క్లాసులో మేము చెప్పే ఉష్ణం పాఠమే అక్కడ ఇనుప పెట్టెలో నడుస్తోంది. అందుకే ఈ విషయం మాట్లాడమంటే ఒప్పుకున్నాం.

కర్నూలులో గానీ కడపలో గానీ పెద్ద ఆసుపత్రుల మీద, బట్టల షోరూముల మీద వరుసగా ఫ్యాన్లు తిరిగే పెద్ద పెట్టెలు చూసే ఉంటారు. వాటిలో చాలావరకు గాలితో చల్లబడే చిల్లర్లు. నీళ్లతో చల్లబడే రకం కరెంటు తక్కువ తింటుంది, కానీ దాని కూలింగ్ టవర్ పొద్దస్తమానం నీళ్లను ఆవిరి చేస్తూనే ఉంటుంది. ఎండాకాలం తాగేందుకే ట్యాంకరు కోసం బిందెలు వరుస పెట్టే మన సీమలో ఆ నీళ్లు ఎక్కడివి? కాబట్టి మనకు గాలి రకమే గతి.

అది చేసే పని చెప్పడం తేలికే. భవనమంతా తిరిగి వేడెక్కిన నీళ్లు సుమారు 12 డిగ్రీలతో చిల్లర్‌లోకి వస్తాయి, 7 డిగ్రీలతో బయటికి పోతాయి. ఆ 5 డిగ్రీల వేడిని గ్యాసు మోసుకొనిపోయి, పక్కనున్న కాయిళ్ల ద్వారా బయటి గాలికి ఇస్తుంది. సెకనుకు ఒక లీటరు నీటిని 5 డిగ్రీలు చల్లబరిస్తే దాదాపు 6 టన్నుల పని జరిగినట్టు. విశిష్టోష్ణం తెలిసిన పిల్లవాడు ఈ లెక్క కాగితం మీద వేసుకోవచ్చు.

చిక్కంతా బయటి గాలితోనే. కేటలాగులో రాసే టన్నులు సాధారణంగా 35 డిగ్రీల గాలికి కట్టిన లెక్క. మన మే నెల మధ్యాహ్నం 42, 43 డిగ్రీలు. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జూలైలో 53.9 డిగ్రీలు నమోదైంది. గాలి ఎంత వేడిగా ఉంటే గ్యాసు దానికంటే ఇంకా వేడిగా ఉండాలి. లేకపోతే వేడి బయటికి పోదు. ఆర్-134ఎ గ్యాసు 50 డిగ్రీల దగ్గర ద్రవంగా మారేటప్పుడు గేజు సుమారు 12 బార్లు చూపిస్తుంది, 60 డిగ్రీల దగ్గర 16కు చేరువవుతుంది. ఒక హద్దు దాటితే హైప్రెజర్ స్విచ్ కంప్రెసర్‌ను ఆపేస్తుంది. అది పాడైపోయి ఆపడం లేదు. కంప్రెసర్‌ను కాపాడడానికి ఆపుతుంది.

కడపలో ఒక ఆసుపత్రి సంగతి చెప్తాం, పేరు అక్కర్లేదు. మే నెలలో రోజూ మధ్యాహ్నం రెండు గంటలకు చిల్లర్ ఆగేది. ఆపరేటర్ మిద్దెక్కి రీసెట్ నొక్కేవాడు. అరగంట నడిచి మళ్లీ ఆగేది. కింద ఆపరేషన్ థియేటర్. ఒకరు గ్యాసు తగ్గిందన్నారు, ఇంకొకరు ఎక్కువైందన్నారు, ఇంకొకరు కంట్రోలర్ బోర్డే మార్చమన్నారు. బోర్డంటే మాటలా, లక్షల బిల్లు! మా పాత విద్యార్థి ఒకడు సెలవులో ఉండి చూడడానికి పోతే మేమూ వెంట పోయినాం. వాడు సంచి తెరవలేదు. మొదట కంట్రోలర్ తెరమీద అలారం చరిత్ర చూసినాడు: అన్నీ హైప్రెజర్, అన్నీ ఒంటిగంటకూ నాలుగుకూ మధ్యన. పొద్దునపూట ఒక్కటీ లేదు. తర్వాత థర్మామీటర్ తీసి పిట్టగోడ నీడలో పట్టినాడు, 42. కాయిల్‌లోకి గాలి పోయే చోట పట్టినాడు, 50.

ఆ 8 డిగ్రీలు ఎక్కడివి? యంత్రానికి ఎండ తగలకూడదని ఎవరో మంచిమనసుతోనే ఫ్యాన్ల మీద రేకుల షెడ్డు వేసినారు. ఫ్యాన్లు పైకి విసిరే వేడిగాలి రేకుకు తగిలి వెనక్కి మళ్లి, మళ్లీ కాయిల్‌లోకే పోతోంది. మన ఊళ్లో మనిషికైనా గొడ్డుకైనా నీడ మేలు చేస్తుంది. ఈ యంత్రానికి నీడ కంటే తెరిచిన ఆకాశం ముఖ్యం. రేకులు విప్పినారు. కాయిల్ ఫిన్ల మధ్య అట్టకట్టిన దుమ్మును లోపలినుంచి బయటికి, సన్నని నీటిధారతో కడిగినారు. ఆ రోజు రెండింటికి చిల్లర్ ఆగలేదు.

దుమ్ము సంగతి తక్కువగా చూడొద్దు. ఆదోని వైపు జిన్నింగ్ మిల్లుల దూది ఫిన్లకు దుప్పటి కప్పినట్టు అంటుకుంటుంది. బేతంచెర్ల, ఎర్రగుంట్ల దారుల్లో బండల పాలిష్ పొడి. గట్టిగా నీళ్లు కొడితే ఫిన్లు వంగి, దుమ్ముకంటే ఎక్కువ చేటు. బోరు నీళ్లు ఆరితే తెల్ల ఉప్పు పొర మిగులుతుంది, అందుకని వీలైతే మంచినీళ్లు వాడాలి.

సెట్టింగుల దగ్గర కూడా చేయదగింది ఉంది. ప్రెజర్ హద్దుకు దగ్గరవుతుంటే కంప్రెసర్ జోరు తగ్గించే ఏర్పాటు చాలా కంట్రోలర్లలో ఉంటుంది. దాన్ని ఎవరైనా ఆపేసి పెట్టినారేమో చూడాలి. పూర్తిగా ఆగిపోవడం కంటే ముప్పాతిక చల్లదనం నయం కదా. ఏ అంకె మార్చినా పాత అంకె ముందుగా నోటుబుక్కులో రాసుకోవాలి. కంపెనీ పెట్టిన హైప్రెజర్ హద్దును మాత్రం పైకి జరపకూడదు.

ఇంకో అలవాటు ఉంది. చల్లదనం చాలడం లేదని 7 మీదున్న సెట్‌పాయింట్‌ను 4కు దించడం. యంత్రం అప్పటికే పూర్తి శక్తితో నడుస్తుంటే దించినందువల్ల ఒక్క టన్ను కూడా పెరగదు. పైగా ఎండ తగ్గి లోడు పడిపోయినప్పుడు నీళ్లు గడ్డకట్టే హద్దు దగ్గరికి పోతాయి. నీళ్లు మంచైతే పెరుగుతాయని ఆరో తరగతి పిల్లలకు కూడా తెలుసు. లోపలి గొట్టం పగిలితే నీళ్లు గ్యాసులోకి పోతాయి, ఇక కంప్రెసర్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఈ ప్రమాదాన్ని ఆపడానికే ఫ్లో స్విచ్. నీటి పారుదల లేకపోతే కంప్రెసర్‌ను కదలనివ్వదు. అది మాటిమాటికీ ఆపుతోందని రెండు టెర్మినళ్ల మధ్య వైరు ముక్క వేసి నడిపే ఘనులున్నారు. పిల్లలూ, ఆ వైరు ముక్క మీ చేతితో వేయకండి. ఎంత పెద్ద సారు చెప్పినా వేయకండి. ముందు పంపు తిరుగుతోందా, వాల్వు తెరిచి ఉందా, స్ట్రైనర్‌లో చెత్త ఉందా చూడండి. వచ్చే నీటికీ పోయే నీటికీ తేడా 5 ఉండాల్సింది 9 అయిందంటే పారుదల తగ్గిందని నీళ్లే చెప్తున్నాయి.

లైను మరమ్మతు జరిగిన మర్నాడు చిల్లర్ అసలు మొదలవకపోతే ఫేజు వరుస మారిందేమో చూడాలి. స్క్రోల్, స్క్రూ కంప్రెసర్లు ఒకవైపే తిరగాలి. ఎలక్ట్రీషియన్ చేత కరెంటు ఆపించి మెయిన్ దగ్గర రెండు వైర్లు మార్పించాలి గానీ రిలేను తప్పించకూడదు. కరెంటు పోయి వచ్చిన వెంటనే కంప్రెసర్ తిరగకపోతే కంగారు పడొద్దు, టైమర్ కొన్ని నిమిషాలు ఆపుతుంది. చాలాసేపు కరెంటు లేకపోతే నూనెను వేడిచేసే హీటరుకు కూడా కొన్ని గంటలు ఇవ్వాలి.

ఇదంతా ఎందుకు చెప్తున్నామంటే, కడప, రాయచోటి, రాజంపేట వైపునుంచి కువైట్‌కు పోని వీధి లేదు. ఏజెంటు చేతిలో అప్పు తెచ్చిన డబ్బు పెట్టి, హెల్పర్ వీసా మీద పోయి, ఏళ్ల తరబడి ఆ 50 డిగ్రీల ఎండలో గ్యాసు సిలిండర్ మోసేవాడు మన పిల్లవాడే. పక్కన నిలబడి తెర చదివి కారణం చెప్పేవాడికి టెక్నీషియన్ జీతం. ఇద్దరి మధ్య తేడా రెండేళ్ల ఐ.టి.ఐ. కోర్సు. సైన్సు, లెక్కలతో పదో తరగతి పాసైతే రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ ట్రేడులో చేరవచ్చు. తల్లులకు మనవి ఏమంటే, పదో తరగతి అయిన వెంటనే పాస్‌పోర్టుకు తొందరపడకండమ్మా, ఆ రెండేళ్లు ఆగండి.

చేరిన పిల్లలకు ఇంగ్లీషు మాన్యువల్ చూస్తే భయం. అలారంల పేజీ ఒక్కటి తీసి రోజుకు మూడు మాటలు నేర్చుకోండి. మిగతాది చేతిపని, అదే వస్తుంది.

ఇంక మా మాటలు చాలు. ఈ బల్ల మీద ఒక చిల్లర్ సెన్సార్, మల్టీమీటర్, గ్లాసులో నలగ్గొట్టిన మంచు పెట్టినాం. ఇది 10 కె రకం, 25 డిగ్రీల దగ్గర 10,000 ఓములు చూపిస్తుంది, చల్లబడేకొద్దీ పెరుగుతుంది. కరుగుతున్న మంచులో కంట్రోలర్ సున్నా చూపకపోతే ముందు సెన్సార్‌ను, వైరును చూడాలి, వెంటనే బోర్డు మార్చకూడదు. ఒక్కొక్కరే వచ్చి ముంచి, అంకె మీ నోటుబుక్కులో రాసుకోండి.