బల్ల కూడా పాడితే



చెన్నైలో మా ఇల్లు పడమటి మాంబళంలో, రైలు పట్టాలకు దగ్గర. బీచి నుంచి తాంబరానికి 1931 నుంచీ కరెంటు రైళ్ళు నడుస్తున్న దారి అది. రైలు వెళ్తే మా వంటింట్లో గ్లాసులు గలగలమంటాయి. దానికి అలవాటు పడ్డాం. పడలేనిది ఇంకొకటి ఉండేది. రికార్డు ప్లేయరు మీద ఘంటసాల గారి భగవద్గీత పెడితే, శ్లోకం వెనకాల ఎడతెగని హోరు.

ఆదివారాలు కొందరు పిల్లలు నా దగ్గర తెలుగు నేర్చుకునేవారు. బడిలో వాళ్ళ చదువు తమిళం. త, థ, ద, ధ నాలుగింటికీ తమిళంలో ఒకటే అక్షరం. తిరుత్తణి, హోసూరు వైపు తెలుగు చెప్పే ఉపాధ్యాయులకు ఈ చిక్కు నేను చెప్పనక్కరలేదు. అందుకే ఆ రికార్డు వినిపించి, 'ధర్మ' అన్న మాట ఎలా పలికారో వినండర్రా అనేవాణ్ణి. ఒకనాడు ఒక పిల్ల, "నాకు దర్మ అనే వినిపిస్తోంది సార్" అంది. కోప్పడ్డాను. వాళ్ళు వెళ్ళాక నేనే చెవి ఒగ్గి విన్నాను. పిల్లదే నిజం!

సూది మార్చాను, రికార్డు కడిగాను. లాభం లేదు. తప్పు బల్లది.

రికార్డు మీది గాడి ఇంచుమించు తలవెంట్రుక మందం. అందులోని ఒంపులకు సూది కదులుతుంది, ఆ కదలికే పాట. అయితే తనను కదిపింది గాడో, కింద ఉన్న బల్లో సూదికి తెలియదు. మా స్పీకర్లూ ఆ బల్ల మీదే ఉండేవి. స్పీకరు అదురు బల్లకు, బల్ల నుంచి సూదికి, సూది నుంచి మళ్ళీ స్పీకరుకు. గానుగెద్దులా తిరుగుతూ హోరు పెరుగుతుంది. ఆ లావుపాటి హోరులో ఒత్తక్షరంతో వచ్చే సన్నని గాలి మునిగిపోతుంది.

ముందు స్పీకర్లు దించి వేరే స్టూళ్ళ మీద పెట్టాను. సగం జబ్బు కుదిరింది. మిగతా సగానికి మందు మన కడప రాయి, వంటింటి గట్టుకు వేసే నల్లబండే. అడుగున్నర చదరం, అంగుళం మందం ఉన్నది దాదాపు 14 కిలోలు తూగుతుంది. దాని కింద చిన్నపిల్లల సైకిలు ట్యూబు పెట్టి, కొద్దిగా గాలి నింపాను. రాయి బరువు, ట్యూబు మెత్తదనం కలిస్తే బల్ల అదురు ప్లేయరు దాకా ఎక్కడం బాగా తగ్గుతుంది. గాలి ఎక్కువైతే ట్యూబు గట్టిపడి ప్రయోజనం పోతుంది, తక్కువైతే రాయి ఒరుగుతుంది. నేను గ్లాసుతో నీళ్ళు పెట్టి మట్టం చూసుకున్నాను. ఇందుకోసం ఖరీదైన ఇత్తడి కాళ్ళు కూడా అమ్ముతారు. కొనవద్దనను, ముందు రాయి వేసి చూడండి.

అడుగు వేస్తే అదిరే చెక్క మేడల్లో మాత్రం గోడకు బిగించిన అర మేలు. ప్లేయరు లేనివారు, ఫోనుకు కలిపే చిన్న స్పీకరును ఇనప బీరువా మీద పెడుతున్నారేమో చూసుకోండి. బీరువా రేకు కూడా పాడుతుంది. కింద తుండుగుడ్డ నాలుగు మడతలు వేయండి.

రైలు వెళ్ళేటప్పుడు ఇప్పటికీ కాస్త గురగుర వినిపిస్తుంది. రైలు బరువు ముందు నా బండ ఏపాటి!

రాయి వేసిన తరువాతి ఆదివారం అదే రికార్డు పెట్టాను. ఆ పిల్ల రెండుసార్లు విని, అరచెయ్యి నోటిముందు పెట్టుకుని "ధర్మ" అంది. చేతికి గాలి తగిలిందట.