డీపీఎఫ్ దీపం వెలిగితే

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త డీజిల్ కార్లలో మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటోంది. పట్టిన మసి కాలాలంటే దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఆగుతూ సాగే చిన్న ప్రయాణాల్లో ఆ వేడి పుట్టదు, ఫిల్టర్ పూడుకుపోతుంది. అప్పుడు డ్యాష్‌బోర్డులో వెలిగేదే డీపీఎఫ్ హెచ్చరిక దీపం. అది వెలగగానే 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, కావలి వైపో గూడూరు వైపో ఓ 20 నిమిషాలు నిలకడైన వేగంతో నడిపితే చాలాసార్లు మసి దానంతటదే కాలిపోతుంది. డీజిల్ దండగ కదా అంటారు. కొత్త ఫిల్టర్ ధర ముందు అదెంత? అసలు పీకేయిస్తే పీడా పోతుందనే సలహా మాత్రం వినకండి: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అలాంటి మార్పులను ఒప్పుకోదు, పైగా ఆ మసి చేరేది మన ఊపిరితిత్తుల్లోకే. ఇంజిన్ లాగకపోయినా, దీపం ఆరకపోయినా ఇక హైవే పనికిరాదు, సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లాలి. ఇంజిన్ ఆయిల్ వదిలే బూడిద మాత్రం ఎంత వేడికీ కాలదు, కాబట్టి మాన్యువల్‌లో చెప్పిన తక్కువ బూడిద ఆయిలే పోయించండి.