ఆట అయిపోయాక ఆ మనిషిని ఎవరు అడుగుతారు?

(తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతాల తెలుగు క్రైస్తవ యువజనుల కూడికలో చేసిన ప్రసంగం)



ఈ తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1962లో రాష్ట్రపతి అయ్యారు. ఆ ఏడాది సెప్టెంబరు 5న దేశం మొదటిసారి ఉపాధ్యాయ దినోత్సవం జరుపుకుంది. దానికి ముందురోజే జకార్తాలో మన ఫుట్‌బాల్ జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది. ఆ జట్టులో ఒకరు తులసీదాస్ బలరాం.

మనం తమిళనాడులో ఉన్న తెలుగువాళ్లం. ఆయన సికింద్రాబాద్ అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబం బిడ్డ. కోచ్ రహీం గారి కంటపడి, 20 ఏళ్లకే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆడారు. అక్కడ మనది నాలుగో స్థానం. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టారు. 1961లో ఈస్ట్ బెంగాల్ జట్టును నడిపించారు. 1962లో అర్జున అవార్డు అందుకున్నారు.

అంతలో ఊపిరితిత్తుల జబ్బు. 30 ఏళ్లు నిండకముందే ఆట వదిలేయాల్సి వచ్చింది. తర్వాత కుర్రాళ్లకు ఆట నేర్పారు. పెళ్లి చేసుకోలేదు. బెంగాల్‌లోని ఉత్తరపారాలో హుగ్లీ నది ఒడ్డున ఒంటరిగా బతికారు. తోటి ఆటగాళ్లు పి.కె. బెనర్జీకి, చునీ గోస్వామికి పద్మశ్రీ వచ్చింది. ఆయనకు రాలేదు. 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశారు. మరుసటి ఏడాది ‘మైదాన్’ సినిమా వచ్చింది. ఆ జట్టును తెర మీద చూసి చప్పట్లు కొట్టాం.

ప్రభుత్వాన్ని అడగాల్సింది అడుగుదాం. కానీ ముందు నా తప్పు ఒప్పుకోవాలి. మా సంఘంలో ఒక కబడ్డీ కుర్రాడు ఉండేవాడు. కప్పు తెచ్చిన ఆదివారం అతన్ని ముందు నిలబెట్టి ప్రార్థన చేశాను. మోకాలు దెబ్బతిని ఆట మానేశాక అతను వెనక బెంచీకి వెళ్లాడు, ఆ తర్వాత రావడమే మానేశాడు. ఏం చేసి బతుకుతున్నాడో ఏడాదిపాటు నేను కనుక్కోలేదు.

సంఘం ఒక్క శరీరం అని పౌలు కొరింథీయులకు రాశాడు. కాలు విరిగితే శరీరం దాన్ని అవతల పారేసుకోదు కదా!

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఆడండి. ఆటతోపాటు చదువు, చేతిపని కూడా పట్టుకోండి. పెద్దలారా, మీ వీధిలో ఒకప్పుడు ఆడినవాళ్లు ఉంటారు. ఈ వారం ఒక్కరి గుమ్మం తొక్కండి. ఆ కుర్రాడి ఇంటికి రేపు నేను వెళ్తున్నాను.