బావి ఒకరిది, ఊట అందరిది



వడ్లు అమ్ముకుంటాం, పాలు అమ్ముకుంటాం. అలాగే బావిలో నీళ్లు అమ్ముకోవచ్చునా? మన తాతల కాలంలో ఎవరైనా ఈ మాట అడిగి ఉంటే నవ్వి ఉండేవారు. తిరువళ్లూరు జిల్లాలోని మన తెలుగు ఊళ్లకు మాత్రం ఇది నవ్వులాట కాదు. ఇక్కడి బావుల నీళ్లను చెన్నై పట్టణం కొనుక్కున్నది. ఆ బేరంలో ఎవరికి ఏం దక్కింది, ఇకమీదట అలాంటి ఒప్పందం ఎలా ఉంటే పదిమందికీ మేలు అన్నది ఈనాటి ప్రసంగ విషయం.

ముందుగా మన నేల సంగతి చూద్దాం. ఆరణి నది ఆంధ్రప్రదేశ్‌లో పుట్టి, పిచ్చాటూరు జలాశయం దాటి, సురుటుపల్లి గుడిని ఆనుకుని పారి, ఊత్తుకోట దగ్గర తమిళనాడులో అడుగుపెడుతుంది. చివరికి పులికాట్ సరస్సు దగ్గర సముద్రాన్ని చేరుతుంది. దానికి దక్షిణాన కుశస్థలి నది. నగరి వైపు నుంచి వచ్చే నీళ్లు కూడా పూండి దగ్గర దానిలో కలుస్తాయి. అది ఎన్నూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ రెండు నదుల పరీవాహక ప్రాంతంలో, నేల కింద ఇసుక పొరలున్నాయి. ఆ పొరల్లో ఉన్నదే మన ఊట. పైన రాష్ట్రాల సరిహద్దు రాయి ఉంది గాని, కింద ఊటకు ఆ రాయి కనిపించదు.

1960ల చివరలో ఐక్యరాజ్య సమితి సాయంతో ఈ పొరలను సర్వే చేశారు. ఆ తరువాత మీంజూరు, పంజెట్టి, తామరైపాక్కం ప్రాంతాల్లో చెన్నై కోసం ప్రభుత్వమే గొట్టపు బావులు వేసింది. 2000వ సంవత్సరం తరువాత వచ్చిన కరువుల్లో అవీ చాలక, నగర నీటి సరఫరా బోర్డు రైతుల బావుల నుంచే నీళ్లు కొన్నది. 2017, 2019 ఎద్దడిలోనూ రైతుల బావుల వైపే చూసింది.

పట్టణానికి దాహం తీరవద్దా అని మీరు అడగవచ్చు. తప్పకుండా తీరాలి. మన పిల్లలు చదువుకోవడానికీ, ఉద్యోగాలకూ వెళ్లి ఉంటున్నది ఆ పట్టణంలోనే. రైతును తప్పుపట్టడానికీ లేదు. పంట గిట్టుబాటు కాని ఏడు, నీళ్లకు చేతికి డబ్బు వస్తుందంటే ఎవరు కాదంటారు?

చిక్కు ఎక్కడుందో తెలియాలంటే నీటి ఒప్పందాల్లో మనకు బాగా తెలిసిన తెలుగు గంగను చూడండి. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టి.ఎం.సి.ల కృష్ణా నీరు చెన్నైకి ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. 1983లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ఒప్పందం చేసుకున్నాయి. దారిలో ఆవిరికీ, ఇంకుడుకూ 3 పోను 12 టి.ఎం.సి.లు సరిహద్దు దగ్గర అప్పగించాలన్నది లెక్క. 1996లో నీళ్లు సరిహద్దు దాటి పూండికి చేరాయి. మాట ప్రకారం పూర్తిగా రాని ఏళ్లున్నాయి, తగవులున్నాయి. అయినా ఆ నీరు కాలువలో కంటికి కనిపిస్తుంది. ఎంత వచ్చిందో సరిహద్దులో కొలుస్తారు.

బావినీటి బేరంలో ఆ సౌకర్యం లేదు. సంతకం బావి యజమానిది. నీరు మాత్రం ఆయన ఒక్కడిది కాదు. ఎలాగంటారా? ఐదో తరగతి పిల్లవాడు కూడా చేయగల లెక్క ఒకటి చెబుతాను, వినండి.

ఎకరం నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సుమారు 4 వేల లీటర్ల నీరు. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లు కురిసి, అందులో పదో వంతు ఇంకిందనుకుందాం. అంటే ఎకరానికి ఏడాదికి 4 లక్షల లీటర్లు. ఇక మోటారు సంగతి. సెకనుకు 5 లీటర్లు తోడే మోటారు రోజుకు పది గంటలు తిరిగితే 1 లక్షా 80 వేల లీటర్లు. నూరు రోజులకు 1 కోటీ 80 లక్షల లీటర్లు. భాగించి చూడండి. అది 45 ఎకరాల్లో ఏడాది పొడుగునా ఇంకిన నీరు! అమ్మిన రైతుకు ఉన్నది ఐదెకరాలే అయితే, తక్కిన 40 ఎకరాల నీరు ఎవరిది? పక్కవాళ్లది. వాళ్లకు పైసా రాదు, బావి మాత్రం అడుగంటుతుంది.

అదే నీటితో వరి పెట్టి ఉంటే కొంత తిరిగి నేలలోకి ఇంకేది. నాట్లకూ, కలుపుకూ, కోతలకూ కూలివాళ్లకు పని దొరికేది. గొట్టంలో పట్టణానికి వెళ్లిన నీరు తిరిగి రాదు. ఇక్కడి నీటి అమ్మకాలను పరిశీలించినవారు చెప్పింది కూడా ఇదే: బావి ఉన్నవారికి రాబడి, పొలం బీడుపడ్డ చోట కూలివారికి పస్తు.

సముద్రం ఒడ్డున ఇంకో ప్రమాదం ఉంది. తీపినీరు తోడేసిన ఖాళీలోకి ఉప్పునీరు జొరబడుతుంది. మీంజూరు ప్రాంతంలో జరిగింది అదే. ఉప్పునీరు కిలోమీటర్ల కొద్దీ లోపలికి వచ్చింది. ఒకసారి ఉప్పెక్కిన ఊటను మళ్లీ తీపి చేయడం ఒక తరంలో అయ్యే పని కాదు.

చట్టం లేదా అంటే ఉంది. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం భూమి కింది నీటిని తన హద్దుల్లో తోడుకునే హక్కు భూమి యజమానికి ఇచ్చింది. 1987లో చెన్నై ప్రాంతానికి భూగర్భజల నియంత్రణ చట్టం వచ్చింది. 2002లో ఆంధ్రప్రదేశ్‌లో వాల్టా చట్టం వచ్చింది. ఒకే ఊటకు ఆ దరిన ఒక చట్టం, ఈ దరిన ఒక చట్టం. రెంటినీ కలిపి చూడవలసింది ఊళ్లవాళ్లమే.

ఇది మనకు తెలియని విద్య కాదు. అన్నదమ్ములు పంచుకున్న ఉమ్మడి బావిలో నీళ్లకు వంతులు ఉండేవి. ఈరోజు పెద్దాయనది, రేపు చిన్నాయనది. బావిలో నీరు తగ్గితే అందరి వంతూ తగ్గేది, ఒక్కడి మడే ఎండేది కాదు. చెరువు కింద నీరుకట్టి చివరి మడి దాకా నీరు పారించేవాడు. ఆ ధర్మాన్నే ఇప్పుడు ఒప్పంద పత్రంలోకి ఎక్కించాలి.

అందుకు ఐదు షరతులు మనవి చేస్తాను. మొదటిది, బేరం ఒక్కో రైతుతో కాక ఊరితో జరగాలి, గ్రామసభలో చదివి వినిపించాలి. రెండోది, ప్రతి మోటారుకూ మీటరు ఉండాలి. గంటల లెక్క కాదు, లీటర్ల లెక్క కావాలి. మూడోది, వచ్చిన డబ్బులో ఒక భాగం బావి లేనివారికీ, కూలివారికీ చేరాలి. నాలుగోది, ఊరి మధ్య ఒక బావిని గుర్తుగా పెట్టుకుని, నీరు ఇన్ని అడుగులకు దిగితే అమ్మకం ఆగిపోవాలని ముందే రాసుకోవాలి. ఐదోది, కొన్నవారు చెరువుల పూడిక తీయించి, వాగులకు అడ్డుకట్టలు కట్టించి, తీసుకున్నదానిలో కొంతైనా నేలకు తిరిగి ఇవ్వాలి. నది ఇసుకను కాపాడటం కూడా ఇందులో భాగమే. ఇసుక పోతే ఇంకే చోటే పోతుంది.

నాలుగో షరతుకు పెద్ద ఇంజనీరు అక్కరలేదు. ఒక తాడు, చివర ఒక రాయి, అడుగడుగుకూ ఒక ముడి చాలు. నెలకొకసారి బడిపిల్లలే కొలిచి, పంచాయతీ గోడ మీద తెలుగులోనూ తమిళంలోనూ రాయవచ్చు. ఆ అంకె అందరి కళ్ల ముందూ ఉంటే సగం తగవులు అక్కడే తీరతాయి.

రెండు భాషలూ తెలిసినవాళ్లం మనం. ఎగువ ఊరివారితో తెలుగులో, దిగువ ఊరివారితో, పట్టణం అధికారులతో తమిళంలో మాట్లాడగలం. ఈ పనికి మనకంటే తగిన మధ్యవర్తులు ఎవరుంటారు? ఈసారి గొట్టాలు వేసేవారు మీ ఊరికి వచ్చినప్పుడు, ధర ఎంత అని అడగడానికి ముందు ఎన్ని లీటర్లు, ఎన్ని రోజులు, ఎప్పుడు ఆపుతారు అని అడగండి. అడిగేటప్పుడు బావి లేని పొరుగువాణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.