తాళం వేయని పాఠాలు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

భోజనాలు ఒంటిగంటకని కార్యదర్శి గారు నా చెవిలో చెప్పారు. ఆ మాట గుర్తుంచుకునే మాట్లాడతాను.

నాకు అప్పగించిన విషయం, ఇంగ్లీషు నేర్చుకునే పిల్లల కోసం పాఠ్యసామగ్రిని మనమే తయారుచేసి ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా పెట్టడం. స్వర్ణోత్సవ నిధిలో కొంత దీనికి ఖర్చుపెట్టాలా, లేక ఆ డబ్బుతో ఏదైనా కంపెనీ యాప్‌కు చందా కట్టాలా అన్నది సాయంత్రం సర్వసభ్య సమావేశంలో తేలాలి. నేనెటు ఉన్నానో దాచడం ఎందుకు? చందా వద్దనే పక్షం నాది.

కారణం చెబుతాను. నేను ఎరిగిన ఒక బడికి దాతలు మూడేళ్ల చందా కట్టి ఇలాంటి యాప్ ఇప్పించారు. పిల్లలు బాగానే వాడారు. టీచర్లు కూడా కష్టపడి దానిలోనే సొంతంగా ప్రశ్నలు, చిన్న చిన్న అభ్యాసాలు తయారుచేసుకున్నారు. మూడేళ్లు నిండిన మర్నాడు తెరిస్తే డబ్బు కట్టమని ఒక్క వాక్యం కనబడింది. కంపెనీ పాఠాలతో పాటు టీచర్లు రాసుకున్న ప్రశ్నలు కూడా లోపలే ఉండిపోయాయి. ఒప్పందం ప్రకారం అందులో మోసమేమీ లేదు. కానీ మూడేళ్ల ఖర్చుకు బడిలో ఒక్క కాగితం ముక్క మిగల్లేదు.

ఇప్పుడు పిల్లల సంగతి చూడండి. మనం చదువుకున్న రోజుల్లో ఇంగ్లీషు ఒక సబ్జెక్టు మాత్రమే. అందులో తప్పినా లెక్కలు, సైన్సు తెలుగులో ఉండేవి కాబట్టి బండి నడిచేది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి పాఠ్యపుస్తకాలు ఒక పేజీ తెలుగులో, ఎదుటి పేజీ ఇంగ్లీషులో వచ్చాయి. తెలంగాణలో ప్రభుత్వ బడుల్లో 2022-23లో ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టినప్పుడు కూడా ఇలాంటి జంట పుస్తకాలే ఇచ్చారు. మీడియం మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇప్పుడు ఎత్తుకుంటే రాత్రి భోజనాల వేళ కూడా దాటిపోతుంది. ఇప్పుడు ఇంగ్లీషు రాకపోతే పిల్లకు సైన్సూ పోతుంది, లెక్కలూ పోతాయి. పోయిన సంవత్సరం ఆరో తరగతిలో ఒక పూట కూర్చున్నాను. ఒక అమ్మాయి మొక్కల మీద పేరా గడగడా చదివేసింది. ఏం అర్థమైందమ్మా అంటే, మారుమాట్లాడకుండా ఎదుటి పేజీలో తెలుగు మీద వేలు పెట్టి చూపించింది. తెలివైన పిల్ల. ఆ వేలు ఎడమ పేజీ నుంచి కుడి పేజీకి జరగాలంటే మధ్యలో వంతెన లాంటిదేదో కావాలి.

ఇంటర్నెట్‌లో ఉచితంగా బోలెడు ఉన్నాయి కదా అని మీరడగవచ్చు. ఉన్నాయి. బీబీసీ వాళ్లవి, బ్రిటిష్ కౌన్సిల్ వాళ్లవి చక్కటి పాఠాలు. చూడడానికి, వినడానికి పైసా అక్కర్లేదు. కానీ వాటిని దించి, మార్చి, మన పిల్లలకు తగినట్టు తిరగరాసి మళ్లీ పంచడానికి సాధారణంగా అనుమతి ఉండదు. పైగా అవి ప్రపంచంలోని అన్ని భాషలవాళ్లకూ కలిపి రాసినవి. తెలుగు పిల్ల సరిగ్గా ఎక్కడ తడబడుతుందో వాటిని రాసేవాళ్లకు తెలియదు, తెలియాలని అనుకోవడమూ న్యాయం కాదు.

అది తెలిసింది మన మాస్టార్లకు. మనది అజంత భాష. మాట చివర అచ్చు లేకపోతే నాలుకకు వెలితిగా ఉంటుంది. అందుకే బస్ బస్సయింది, రోడ్ రోడ్డయింది, పెన్ పెన్నయింది. తెలుగు వాక్యంలో అది తప్పు కాదు, ఇంటికొచ్చిన చుట్టానికి మనం పెట్టిన కొత్తబట్టలు. ఇంగ్లీషు వాక్యంలోకి వెళ్లేటప్పుడు మాత్రం ఆ బట్టలు విప్పి పంపాలి. మాట ముందు అచ్చు వస్తే దానికో యకారమో వకారమో తగిలిస్తాం. ఎగ్ యెగ్ అవుతుంది, ఓన్లీ వోన్లీ అవుతుంది.

వ్యాకరణంలో ఇంకా చిక్కు. 'ఆయన టీచరు' అన్నది తెలుగులో నిండు వాక్యం. క్రియాపదంతో పనిలేదు. ఆ అలవాటుతో పిల్లవాడు 'హీ టీచర్' అని రాస్తాడు. మధ్యలో 'ఈజ్' ఎక్కడినుంచి వచ్చిందో, 'ఎ' ఎందుకొచ్చిందో వాడికి ఎవరూ చెప్పరు, ఎర్రసిరాతో చుట్టి వదిలేస్తారు. అలాగే 'నాకు'. నాకు తెలుసు, నాకు ఆకలిగా ఉంది, నాకు ఇద్దరు అక్కలున్నారు. తెలుగులో మూడూ ఒకే మూసలో ఉన్నట్టుంటాయి. ఇంగ్లీషులో ఐ నో, ఐ యామ్ హంగ్రీ, ఐ హావ్ టూ సిస్టర్స్. మూడూ 'ఐ'తోనే మొదలైనా మూడు దారులు. (అక్కకూ చెల్లికీ తేడా పోవడం వేరే బాధ.) 'నాకు'తో మొదలయ్యే వాక్యాలు ఇరవై తీసుకుని, ఏది ఏ దారిలో వెళుతుందో ఒక కార్డు మీద వేస్తే అది ఆరో తరగతికి నెల రోజుల పాఠం. ఆ కార్డు లండన్‌లో తయారుకాదు. ఇక్కడున్న నలుగురు కూర్చుంటే ఒక మధ్యాహ్నంలో అవుతుంది.

తెలుగు అడ్డమొచ్చే చోట్లే కాదు, సాయపడే చోట్లూ ఉన్నాయి. 'వచ్చాడు', 'తెచ్చాడు' అని మామూలుగా మాట్లాడేటప్పుడు 'చ్చా' దగ్గర పలికే అచ్చును గమనించండి. అది నికార్సైన 'ఆ' కాదు. క్యాట్‌లో, బ్యాగ్‌లో కావలసింది దాదాపు ఆ అచ్చే. దానికి మన అక్షరమాలలో గుర్తు లేదు గానీ నోట్లో ఎప్పటినుంచో ఉంది. పిల్లలకు ఈ మాట చెప్పి చూడండి, ముఖాలు వెలుగుతాయి.

తాళం లేని సామగ్రి కూడా లోకంలో కొంత ఉంది. వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో 1959లో స్పెషల్ ఇంగ్లీష్ అని మొదలుపెట్టింది. సుమారు 1,500 మాటలతో, చిన్న వాక్యాలతో, నెమ్మదిగా చదివే వార్తలు, కథలు. అమెరికా ప్రభుత్వం సొంతంగా తయారుచేసినవి కాబట్టి ఆ సంస్థ స్వయంగా చేసిన పాఠాలు ఎవరైనా వాడుకోవచ్చు. మన దేశంలో ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో స్టోరీవీవర్ ప్రారంభించారు. పిల్లల బొమ్మల కథలు, చదువు స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా, తెలుగుతో సహా ఎన్నో భాషల్లో ఉన్నాయి. దించుకోవచ్చు, అచ్చువేసుకోవచ్చు, అనువదించవచ్చు, మార్చవచ్చు. ఒకే కథను తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పక్కపక్కన పెట్టుకుని చదివించవచ్చు. రేపటినుంచే మొదలుపెట్టడానికి ఇది చాలు, నిధి కూడా అక్కర్లేదు.

ఇక్కడ చట్టం సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మంచి ఉద్దేశంతో చేసే పనులు ఎక్కువగా దీని దగ్గరే ఆగిపోతాయి. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. దాని ప్రకారం హక్కు కోసం ఎక్కడా నమోదు చేసుకోనక్కర్లేదు, రాసిన క్షణంలోనే హక్కు పుడుతుంది. రచయిత బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. తరగతిలో బోధన కోసం టీచరు గానీ విద్యార్థి గానీ ప్రతులు తీసుకోవడానికి చట్టంలో వెసులుబాటు ఉంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆవరణలోని జిరాక్స్ కొట్టు మీద పెద్ద పెద్ద ప్రచురణ సంస్థలు వేసిన దావాలో 2016లో ఢిల్లీ హైకోర్టు ఆ వెసులుబాటు వైపే నిలిచింది. అయితే తరగతి గదికి ఇచ్చిన సౌకర్యాన్ని పట్టుకుని ఎవరి పుస్తకాన్నో స్కాన్ చేసి ప్రపంచమంతటికీ పెట్టేయకూడదు. మన వాట్సప్ గ్రూపులో రోజూ జరిగేది అదే, ఎవరినీ చూడటం లేదు లెండి.

రెండో వైపు ఇంకా ముఖ్యం. మీరు ఒక చక్కటి అభ్యాసం రాసి, ఏ మాటా చెప్పకుండా ఇంటర్నెట్‌లో పెడితే అది అందరిదీ అయిపోదు. చట్టం దృష్టిలో దానికి తాళం ఉన్నట్టే. జాగ్రత్తపరుడైన టీచరు దాన్ని ముట్టుకోడు. ఆ తాళం తీయడానికే 2001లో క్రియేటివ్ కామన్స్ అనే సంస్థ పుట్టింది, 2002 డిసెంబరులో మొదటి అనుమతి పత్రాలు విడుదల చేసింది. ఇప్పుడు ఆరు రకాలున్నాయి. నా పేరు చెప్పి ఏమైనా చేసుకోండి అన్నది ఒకటి. మార్చినదాన్ని కూడా ఇదే షరతుతో పంచాలి అన్నది ఇంకొకటి. అమ్మకానికి వాడకూడదు, మార్చకూడదు అనే షరతులు తగిలించినవి మిగతావి.

మన సంఘంలో కొందరు పెద్దలు, ట్యుటోరియల్ వాడు మన పాఠాలు అచ్చేసి అమ్ముకుంటే ఎలా అంటున్నారు. వారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. అమ్ముకోనివ్వండి. మన పేరు వేయాల్సిందే, అసలు ప్రతి ఉచితంగా ఉండనే ఉంటుంది, కొనేవాడు ఎంతకాలం కొంటాడు? అమ్మకూడదు అని రాశామనుకోండి, బస్టాండు దగ్గర జిరాక్స్ అబ్బాయి పుస్తకం కుట్టి నలభై రూపాయలు తీసుకుంటే అది అమ్మకమా కాదా? ఈ అనుమానం వచ్చిందంటే టీచరు వెనక్కి తగ్గుతుంది. వికీమీడియా కామన్స్ కూడా అలాంటి షరతున్న వాటిని తీసుకోదు. మార్చకూడదు అన్న షరతు మరీ అన్యాయం. పాఠంలో మంచు కురుస్తుంటే మన్యం పిల్లలకు దాన్ని వడగళ్లు చేసుకునే వీలుండాలి కదా. కాబట్టి పేరు చెబితే చాలు అనే మొదటి రకమే పెడదామని నా ప్రతిపాదన.

ఇంజినీరుని కాబట్టి లెక్క కూడా చెప్పాలి. అందరికీ వీడియో మీద మోజు. నా మాట విని ఆడియోతో, కాగితంతో మొదలుపెట్టండి. సెకనుకు 64 కిలోబిట్ల వేగంతో మాట రికార్డు చేస్తే నిమిషానికి సుమారు అర మెగాబైటు. మూడు నిమిషాల కథ ఒకటిన్నర మెగాబైటులోపే. నాన్న ఫోన్లో డేటా అయిపోవచ్చిన సాయంత్రం కూడా అది దిగుతుంది. రికార్డింగుకు స్టూడియో అక్కర్లేదు. ఫ్యాను ఆపి, పరుపులూ దుప్పట్లూ ఉన్న పడకగదిలో తలుపేసుకుని, ఫోనుకు జానెడు దూరంలో కూర్చుంటే ప్రతిధ్వని ఉండదు. కాగితం మీదవి ఏ4 సైజులో, నలుపు తెలుపుల్లో ఉండాలి. రంగులు పెడితే జిరాక్స్‌లో మసి అవుతాయి. తెలుగు తప్పనిసరిగా యూనికోడ్‌లో టైపు చేయాలి. పాత డీటీపీ ఫాంట్లలో చేస్తే వెతికితే దొరకదు, కాపీ చేస్తే పిచ్చిగీతలు వస్తాయి. పీడీఎఫ్‌తో పాటు మార్చుకోవడానికి వీలైన ఫైలూ పెట్టాలి. మార్చుకోమని అనుమతి ఇచ్చి పీడీఎఫ్ ఒక్కటే ఇవ్వడమంటే తాళం తీసి తలుపుకు మేకు కొట్టడమే. ప్రతి కాగితం అడుగున తేదీ, ఎన్నో సవరణో, ఎవరు రాశారో ఉండాలి. ఇద్దరు టీచర్లు చూడనిది పైకి ఎక్కకూడదు. పిల్లల ఫొటోలు, పేర్లు అసలే వద్దు. గొంతు వాడుకోవాలన్నా తల్లిదండ్రుల సంతకం తీసుకుందాం.

గురువులకు ఒక మనవి. ముప్ఫై ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మాస్టారి ఇంట్లో అటక మీద నోటుపుస్తకాలుంటాయి. పిల్లలు ఏ ప్రశ్నలో ఏ తప్పు రాస్తారో, దాన్ని ఏ ఉదాహరణతో సరిచేయాలో అందులో ఉంటుంది. ఇల్లు మారేటప్పుడో, సున్నాలప్పుడో అవి కిలోల లెక్కన పాతకాగితాలవాడికి వెళ్లిపోతాయి. మన బడికే పనిచేసిన ఒకరి పుస్తకాలు అలా వెళ్లిపోయాయని వాళ్లబ్బాయి ఈ ఉదయమే నాతో అన్నాడు. ఆ జ్ఞానం ఏ యాప్‌లోనూ లేదు. దయచేసి ఆ పుస్తకాలు మాకివ్వండి. ఊరికే తీసుకుపోము. ఎవరి రాత వారిదే, వారి పేరుతోనే వస్తుంది, అనుమతి పత్రం మీద వారి సంతకంతోనే వస్తుంది. మాస్టారు లేకపోతే ఇంట్లోవాళ్ల సంతకం. టైపు చేసే పని హైదరాబాదులోనూ అమెరికాలోనూ ఉన్న మన వాళ్లు పంచుకుంటారు. పది పేజీలు స్కాన్ పంపితే వారంలో తిరిగొస్తాయి. తెలుగు టైపింగ్ మర్చిపోయామనే వాళ్లకు ఇది మంచి శిక్ష.

సాయంత్రం సమావేశంలో నేను అడగబోయేది ఇంతే. ఒక స్కానరు, ఒక మంచి మైకు, ఏడాదికి సరిపడా కాగితం, జిరాక్స్ ఖర్చు. ఆరో తరగతికి ముందుగా ఇరవై కార్డులు, పది ఆడియో కథలు. మొదటిది 'నాకు' కార్డు. లైబ్రరీ గదిలో బల్ల మీద పొడుగు రిజిస్టరు పెట్టాను. రాసేవాళ్లు ఒకవైపు, చదివి రికార్డు చేసేవాళ్లు ఒకవైపు, తప్పులు దిద్దేవాళ్లు మూడోవైపు పేర్లు రాయండి. దిద్దేవాళ్ల పేజీ ఇంకా ఖాళీగానే ఉంది, టీచర్లు దయచేసి అటు చూడండి. ఒంటిగంటకు ఇంకా నాలుగు నిమిషాలుంది.