ముష్టి అనే మాట

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉత్సవ నిధికోసం ఇల్లిల్లూ తిరిగిన మన పిల్లలను ఎవరో “ముష్టికి వచ్చారా?” అన్నారట. పిల్లలు చిన్నబుచ్చుకున్నారని విన్నాను. ఆ మాటను గురించే కొంత మనవి చేస్తాను.

సంస్కృతంలో ముష్టి అంటే పిడికిలి. ముష్టియుద్ధం అన్నప్పుడు ఆ అర్థమే స్ఫురిస్తుంది. మరాఠీవారి ‘మూఠ్’, హిందీవారి ‘ముట్ఠీ’ దాని సంతతే. పిడికిట పట్టినంత ధాన్యమూ ముష్టి అయింది. అంటే అదొక కొలత. వాకిట నిలిచినవానికి బియ్యం వేసే ఇల్లాలు సోల కోసం, తవ్వ కోసం వెదకదు గదా! క్రమంగా ఇచ్చేదాని పేరు అడిగేవానికి అంటుకున్నది. ముష్టెత్తడం, ముష్టివాడు అన్నాము. ఇప్పుడు “ముష్టి పది రూపాయలు” అని ఇచ్చినదానినే ఈసడిస్తున్నాము. (విషముష్టి చెట్టు సంగతి వేరు. దాని గింజ చేదుకూ మన నోటి చేదుకూ చుట్టరికం కలపను.) దానమనే మాటకు ఈ గతి పట్టలేదు. దానికి దాత ఉన్నాడు, దాత పేర శాసనం ఉన్నది.

మనం స్థిరపడిన ఈ మహారాష్ట్రంలోనే ముష్టికి గౌరవం దక్కింది. కర్మవీర్ భావురావ్ పాటిల్ గారు 1919లో సాతారా జిల్లా కాలే గ్రామంలో రయత్ శిక్షణ సంస్థను స్థాపించారు. కులభేదం పాటించక పేదపిల్లలను ఒకచోట ఉంచి చదివించిన ఆయన వసతిగృహాలకు ‘ముష్టి ఫండ్’ అండ అయింది. వంటకు ధాన్యం తీసేటప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు వేరే ఉంచేది. పిల్లల అన్నానికి దానిని సేకరించేవారు. రోజుకొక పిడికెడు, నెలకు ముప్పది. నూరిళ్ళకు మూడువేల పిడికిళ్ళు. ఇచ్చినవారిలో ఎవరి పొయ్యీ ఆరదు.

శిలాఫలకంపై పేరు చెక్కడానికి ఉత్సవ సంఘంవారు కనీస మొత్తం నిర్ణయించారు. పెద్దల ఔదార్యానికి చేతులు జోడిస్తున్నాను. కాని ఈ షోలాపూర్‌లో మన బడికి పిల్లలను పంపినవారిలో అధికులు మగ్గం పనివారు, బీడీలు చుట్టిన తల్లులు. వారి ఈవి రశీదు పుస్తకాల నకళ్ళలో ఉన్నది. ఆ పుస్తకాలు తెరిపించి, మొత్తాలు విడిచి, పేర్లన్నీ అక్షరక్రమంలో ఈ సంచికలో అచ్చువేయవలసిందని సంఘంవారిని కోరుతున్నాను. అదనపు కాగితం ఖర్చు నేను భరిస్తాను.